ఈ వరస ఎక్కడిది?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లో తెల్లవార్లూ పద్యనాటకాలు నడిపించి, కరపత్రం అడుగున ‘హార్మోనియం’ అన్న మాట పక్కన చిన్న అక్షరాల్లో మిగిలిపోయినవాళ్ల స్మృతికి ఈ ఉపన్యాసం అంకితం. ఒకరి పేరు చెబితే పదిమందిని మరిచినట్టవుతుంది కాబట్టి ఇక్కడ ఎవరి పేరూ ఎత్తడం లేదు. వాళ్ల గురించి చెప్పుకోవలసిన నిజం ఒకటుంది. వాళ్లు బాణీలు ఎత్తుకొచ్చేవాళ్లు. ఎత్తుకొచ్చిన సంగతి దాచేవాళ్లు కారు.

రాయలసీమ పల్లెలో హార్మోనిస్టు అంటే శ్రుతి అందించే మనిషి మాత్రమే కాడు. వేషాలు పంచేదీ, పద్యం నేర్పేదీ, పాటకు వరస కట్టేదీ ఆయనే. టౌనుకు పోయి టాకీసులో కొత్త సినిమా చూసొచ్చినాడంటే నాలుగు రోజుల్లో ఆ బాణీ నారదుడి నోట్లోనో మరో వేషం నోట్లోనో పలికేది. ముందు వరసలో కూచున్నవాళ్లు పల్లవి సగంలోనే కనిపెట్టేవాళ్లు. ‘ఇది ఫలానా పాట వరస కదప్పా’ అని పక్కవాడితో అనేవాళ్లు, వన్స్‌మోర్ అడిగేవాళ్లు. దొంగతనం జరిగినట్టు ఎవరికీ అనిపించేది కాదు. తెలిసిన వరసలో తెలియని మాటలు వినడంలోనే వాళ్ల సంతోషం ఉండేది.

అచ్చులో కూడా ఆ మర్యాద ఉండేది. పాతకాలపు నాటకాల పుస్తకాలు, భజన కీర్తనల పుస్తకాలు, స్వాతంత్ర్యోద్యమ కాలపు పాటల పుస్తకాలు తిరగేస్తే చాలా పాటల నెత్తిన ఒక గీత కనిపిస్తుంది. ‘ఫలానా పాట మట్టు’ అనో, ‘ఫలానా దాని వరుస’ అనో అందులో రాసి ఉంటుంది. స్వరలిపి చదవడం రాని పాఠకుడికి అదే స్వరలిపి. దానివల్ల మరో మేలు కూడా జరిగేది. కొత్త పాట రాసినవాడు తన పేరు వేసుకుంటూనే, బాణీ తనది కాదని అచ్చులో ఒప్పుకున్నట్టయ్యేది.

లండన్ మిషన్ వాళ్లు పెట్టిన కాంప్‌బెల్ ఆసుపత్రి ఉన్న జమ్మలమడుగులో చర్చికి పోయేవాళ్లకు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం కొత్త కాదు. అందులో కీర్తన పైన రాగం ఉంటుంది, తాళం ఉంటుంది, చాలాచోట్ల ‘ఛాయ’ అని మరో పాట మొదలు కూడా ఉంటుంది. ఆ కీర్తన ఏ పాట నడకలో పాడుకోవాలో అది చెబుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి లాంటి కవులు క్రీస్తును కర్ణాటక రాగాల్లో కీర్తించినప్పుడు, ఈ వరస మాది కాదు అని దేవుడి పుస్తకంలోనే రాసుకున్నారన్నమాట. సినిమా రంగం ఈ ఒక్క గీతను కొనసాగించి ఉంటే ఈ రోజు ఈ ఉపన్యాసం అవసరమయ్యేది కాదేమో.

నాటకం బాణీలు అప్పు చేయడం మొదలుపెట్టి నూటనలభై ఏళ్లు దాటింది. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం తెలుగునాట తిరిగి వెళ్లాక ఇక్కడి నాటకం రూపమే మారింది. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1886లో సరసవినోదిని సభ పెట్టి నాటకంలో పాటకు పెద్దపీట వేశాడు. బళ్లారి గాలి కడపకు తగలడానికి ఎంతో కాలం పట్టదు. మరాఠీ, పార్సీ కంపెనీల వరసలు ఆ దారినే వచ్చి సీమ రంగస్థలంలో స్థిరపడ్డాయి. వాటిని మోసుకొచ్చిన హార్మోనియం కూడా యూరప్ నుంచి వచ్చిందే. పరాయి వాద్యమని, గమకం పలకదని 1940 మార్చి 1 నుంచి 1971 దాకా ఆకాశవాణి దాన్ని దగ్గరికి రానివ్వలేదు. ఆ ముప్ఫై ఏళ్లూ సీమ పల్లెల్లో హార్మోనియం లేని నాటకం లేదు. రేడియోకు శాస్త్రం ముఖ్యం, ఊరికి పాట ముఖ్యం.

ఇక సినిమా. కడప జిల్లా మనుషులు లేకుండా తెలుగు సినిమా చరిత్ర రాయడం కుదరదు. పులివెందుల తాలూకా కొత్తపల్లెలో 1908లో పుట్టిన బి.ఎన్.రెడ్డి వాహినీ సంస్థ ద్వారా ‘వందేమాతరం’, ‘సుమంగళి’, ‘దేవత’ తీశాడు. దక్షిణాది నుంచి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం మొదట అందుకున్నది ఆయనే. తమ్ముడు నాగిరెడ్డి చక్రపాణితో కలిసి విజయా సంస్థను నడిపాడు. అన్నదమ్ములిద్దరూ సంగీతానికి ఖర్చు పెట్టడంలో వెనుదీయని నిర్మాతలు. అరువు బాణీల కథ చెప్పడానికి వాళ్ల సినిమాలను తీసుకోవడంలో ఉద్దేశం నింద కాదు. అంత శ్రద్ధ ఉన్నచోట కూడా ఏం జరిగిందో చూడటం.

1945 జనవరిలో బి.ఎన్.రెడ్డి ‘స్వర్గసీమ’ విడుదలైంది. ఘంటసాల సినిమాలో నేపథ్యగానం మొదలుపెట్టింది అందులోనే. కానీ ఊరంతా పాడుకున్నది భానుమతి పాడిన ‘ఓహో పావురమా’. బాలాంత్రపు రజనీకాంతరావు కట్టిన ఆ బాణీకి ప్రేరణ 1941 నాటి హాలీవుడ్ చిత్రం ‘బ్లడ్ అండ్ శాండ్’లోని స్పానిష్ పాట. ఆ పాటకు స్వరం సమకూర్చినవాడు విసెంటె గోమెజ్ అనే గిటారు విద్వాంసుడు. తెర మీద పాడుతున్నట్టు కనిపించింది రీటా హేవర్త్, వినిపించిన గొంతు గ్రాసియెలా పర్రాగది. అంటే మద్రాసు చేరకముందే ఆ పాటలో ఒక పేరు మరుగున పడింది.

‘స్వర్గసీమ’ పాట స్పానిష్ పాటకు మక్కీకి మక్కీ కాదు. అక్కడి మత్తు, సాగతీత, గొంతులో పలికే విలాసం ఇక్కడికి వచ్చాయి. తెలుగు మాట వాటిని తన నడకలోకి మలుచుకుంది. కథలోనూ దానికి చోటుంది. వీధుల్లో ఆడిపాడే సుబ్బి పట్నం నాటకరంగం మీద సుజాతగా మారుతుంది. పరాయి పోకడ ఉన్న పాట ఆ పాత్ర నోట్లో పలికితే అది దర్శకుడి తెలివి. అరువు తెచ్చిన బాణీకి ఇంతకన్నా మంచి సమర్థన దొరకదు. ఇదే బి.ఎన్.రెడ్డి ఆ తర్వాత జార్జ్ ఇలియట్ నవల ‘సైలస్ మార్నర్’ ఆధారంగా ‘బంగారు పాప’ తీశాడు, అది తెలుగు కథలాగే ఉంటుంది. తీసుకోవడం ఎలాగో తెలిసినవాడు ఆయన. అయినా ‘పావురమా’ చుట్టరికం సాధారణ ప్రేక్షకుడికి తెలిసింది సినీచరిత్రకారులు తర్వాతి రోజుల్లో చెప్పబట్టే.

‘మాయాబజార్’ కథ ఇంకా దూరం పోతుంది.

1957 మార్చి 27న విడుదలైన ఆ విజయా వారి చిత్రానికి నిర్మాతల్లో ఒకరు కడప జిల్లా నాగిరెడ్డి, దర్శకుడు పొరుగున ఉన్న తాడిపత్రి కె.వి.రెడ్డి. సీమవాళ్ల సినిమా అంటే తప్పులేదు. అందులో ఘటోత్కచుడు పెళ్లివంటకాల ముందు కూచుని పాడే ‘వివాహ భోజనంబు’ తెలియని తెలుగువాడు ఉండడు. మాధవపెద్ది సత్యం గొంతు, ఎస్.వి.రంగారావు నవ్వు. ఆ పాట సినిమాకంటే ముందే సురభి వారి నాటకాల్లోనూ హరికథ గ్రామఫోన్ రికార్డులోనూ ఉందని చెబుతారు. బాణీ మాత్రం అంతకంటే ముందుది. 1922లో ఇంగ్లండులో చార్లెస్ పెన్‌రోజ్ అనే హాస్యగాయకుడు చార్లెస్ జాలీ అన్న పేరుతో ‘ది లాఫింగ్ పోలీస్‌మన్’ అనే రికార్డు ఇచ్చాడు. లావుపాటి పోలీసు విరగబడి నవ్వడమే ఆ పాట. ఆ నవ్వునూ ఆ వరసనూ ఘటోత్కచుడి పక్కన పెట్టి వింటే మరో సాక్ష్యం అక్కర్లేదు.

పెన్‌రోజ్ కూడా ఆ బాణీకి తండ్రి కాడు. అమెరికాలో 1890ల్లోనే జార్జ్ డబ్ల్యూ. జాన్సన్ అనే నల్లజాతి గాయకుడు ‘ది లాఫింగ్ సాంగ్’ పాడాడు. 1846 ప్రాంతంలో వర్జీనియాలో బానిస కుటుంబంలో పుట్టినవాడు. న్యూయార్క్ పడవరేవుల దగ్గర ఈల వేసి చిల్లర ఏరుకుంటుంటే ఫోనోగ్రాఫ్ కంపెనీవాళ్లు చూసి పట్టుకెళ్లారు. అమెరికాలో రికార్డులిచ్చిన తొలి నల్లజాతి గాయకుడిగా చరిత్ర ఆయన్ను లెక్కిస్తుంది. అప్పట్లో ఒక రికార్డు నుంచి వేలకొద్దీ నకళ్లు తీసే యంత్రం లేదు. మైనపు సిలిండర్లు కొన్ని వరసగా పెట్టి ఒకసారి పాడితే అన్నే తయారయ్యేవి. ఇంకా కావాలంటే మళ్లీ పాడాల్సిందే. అదే పాట, అదే నవ్వు, రోజంతా. పాడిన ఒక్కో సారికి ఇరవై సెంట్లు కూలి. నకళ్లు తీసే పద్ధతి వచ్చాక ఆ కూలి కూడా పోయింది. చివరి రోజుల్లో పాత మిత్రుడి ఆఫీసు గుమ్మం దగ్గర కాపలా ఉద్యోగం చేసి 1914లో చనిపోయాడు. సమాధి మీద పేరు కూడా లేకుండా పూడ్చిపెట్టారు.

న్యూయార్క్ రేవు నుంచి లండన్ రికార్డుకు, అక్కడి నుంచి తెలుగు నాటకానికి, నాటకం నుంచి మద్రాసు వాహినీ స్టూడియోకు, స్టూడియో నుంచి ప్రొద్దుటూరు పెళ్లి పందిట్లో మైకు సెట్టుకు. ఇంత దూరం నడిచిన బాణీ వెంట దాన్ని పుట్టించినవాడి పేరు ఒక్క మజిలీ కూడా రాలేదు. ఈ వరస కథ చెప్పుకుని ‘మావాళ్లు కాపీ కొట్టినారు’ అని నవ్వుకోవడం తేలిక. పెన్‌రోజ్ దగ్గరే ఆగి, తెల్లవాడి సొత్తు తెలుగువాడు దొంగిలించాడని తీర్పు చెప్పడం ఇంకా తేలిక. ఒక్క అడుగు వెనక్కి వేసేసరికి ఆ తీర్పు తలకిందులవుతుంది. పోయిన పేరు ప్రతిసారీ అడగడానికి దిక్కులేనివాడిదే.

అదే సినిమాలో ఇంటి సంగతి కూడా ఒకటుంది. ‘లాహిరి లాహిరి’, ‘చూపులు కలిసిన శుభవేళ’తో సహా నాలుగు పాటలకు బాణీలు కట్టింది సాలూరి రాజేశ్వరరావు. ఆయన మధ్యలో తప్పుకున్నాక వాటికి వాద్యగోష్ఠి కూర్చి రికార్డు చేసిందీ, మిగతా సంగీతమంతా కట్టిందీ ఘంటసాల. ఘంటసాల పనితనంలో లోపమేమీ లేదు. కానీ వెన్నెల్లో పడవ పాట ఎవరిదని అడిగితే ఈ రోజుకీ పదిమందిలో తొమ్మిదిమంది ఘంటసాల పేరే చెబుతారు. ఇంగ్లండు దాకా పోనక్కర్లేదు, ఒకే సినిమా లోపల కూడా పేరు జారిపోతుంది.

రాజేశ్వరరావు తీసుకున్నాడు కూడా. బెంగాలీ ‘సాగరిక’ ఆధారంగా 1962లో వచ్చిన ‘ఆరాధన’లో ‘నా హృదయంలో నిదురించే చెలీ’ విన్నవాళ్లు బెంగాలీ మూలం వింటే ఉలిక్కిపడతారు. బాణీ రాబిన్ ఛటర్జీది. తెలుగు మాట శ్రీశ్రీది, గొంతు ఘంటసాలది. మూడూ ఇంత చక్కగా కుదిరాయి కాబట్టే మూలం వెతకాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. దీనికి ఎదురు లెక్క కూడా చూడాలి. 1955లో విజయా వారి ‘మిస్సమ్మ’కు ఆయన కట్టిన ‘బృందావనమది అందరిది’ బాణీ రెండేళ్లకు హిందీ ‘మిస్ మేరీ’లో దాదాపు ఉన్నదున్నట్టుగా వినిపించింది. ఆ హిందీ చిత్రానికి సంగీత దర్శకుడు హేమంత్ కుమార్. లతా, రఫీ పాడారు. ఉత్తరాదిలో ఆ పాట విని మురిసేవాళ్లకు సాలూరి పేరు తెలియదు, మన దగ్గర ‘నా హృదయంలో’ విని మురిసేవాళ్లకు ఛటర్జీ పేరు తెలియదు. చెల్లుకు చెల్లు అని ఊరుకోవచ్చు. అలా ఊరుకోవడం వల్లే ఎవరి బాకీ ఎంతో తేలలేదు.

సినిమా మర్యాద పాటించిన సందర్భాలూ ఉన్నాయి. ‘మీరజాలగలడా’ పాటను రంగస్థల సత్యభామ స్థానం నరసింహారావు ‘శ్రీకృష్ణ తులాభారం’ నాటకంలో తన వేషం కోసం తానే రాసుకున్నాడు. 1966లో అదే కథ సినిమాగా వచ్చినప్పుడు ఆ పాట జమున మీద, సుశీల గొంతులో మళ్లీ వచ్చింది. స్థానం వారి పాటగానే వచ్చింది, ఈ రోజుకీ ఆయన పేరుతోనే చెప్పుకుంటారు. దానివల్ల సినిమాకు ఏ నష్టమూ జరగలేదు. అయితే స్థానం అప్పటికే పద్మశ్రీ, ఆంధ్రదేశమంతా ఎరిగిన నటుడు. జమ్మలమడుగు తాలూకా హార్మోనిస్టు కట్టిన వరసకు అదే గౌరవం దక్కేదా అన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్నకు చట్టం చాలాకాలం ఇచ్చిన జవాబు వింటే ఆశ్చర్యమేస్తుంది. భారత కాపీరైట్ చట్టం కూడా ‘మాయాబజార్’ పుట్టిన 1957లోనే పుట్టింది. దాని నిర్వచనం ప్రకారం సంగీత కృతి అంటే అచ్చేసినదో, రాతలో పెట్టినదో, మరో విధంగా గీతల్లోకి ఎక్కించినదో మాత్రమే. 1994 సవరణ దాకా ఆ నిర్వచనమే నడిచింది. స్వరలిపి రాసుకోకుండా మెట్ల మీద వేళ్లతో వరస కట్టి, నోటితో నేర్పి, నాటకమయ్యాక పెట్టె మూసేసే మనిషి చేసింది అంతవరకూ చట్టం లెక్కలో సంగీతమే కాదన్నమాట. అదే వరసను ఎవరో విని కాగితం మీద పెడితే అది సంగీతం.

సినిమా సంగీత దర్శకుడికైనా ఆ చట్టం పెద్దగా ఇచ్చింది లేదు. 1977లో సుప్రీంకోర్టు, డబ్బిచ్చి పాట చేయించుకున్న నిర్మాతే సాధారణంగా దానికి హక్కుదారు అని తేల్చింది. ఆ తీర్పులోనే జస్టిస్ కృష్ణయ్యర్ కళాకారుల పరిస్థితి మీద బాధపడుతూ వేరే మాట చేర్చాడు. ఆ బాధ చట్టంగా మారడానికి 35 ఏళ్లు పట్టింది. 2012 సవరణతో పాట రాసినవాడికీ బాణీ కట్టినవాడికీ రాయల్టీలో వాటా విడదీయరాని హక్కయింది. సాలూరి, ఘంటసాల, పెండ్యాల ఎవరూ అప్పటికి లేరు.

బాణీ పోలిక కోర్టుకెక్కితే ఎలా ఉంటుందో 2008లో బొంబాయి హైకోర్టులో తెలిసింది. ఒక సెల్‌ఫోన్ ప్రకటనకు తాను కట్టిన సంగీతం ‘క్రేజీ 4’ హిందీ సినిమా పాటల్లోకి అనుమతి లేకుండా వెళ్లిందని రాం సంపత్ దావా వేశాడు. కోర్టు ఆ పాటలతో సినిమా విడుదల కాకూడదంది. చివరికి రెండు కోట్ల రూపాయలకు రాజీ కుదిరింది. విడుదలకు ముందు రోజుల్లో, పెద్ద నగరంలో, మంచి లాయరుతో పోయినవాడికి దొరికిన న్యాయం అది.

కోర్టు తేల్చినా తేలని చోట్లూ ఉన్నాయి. బీటిల్స్ జార్జ్ హారిసన్ ‘మై స్వీట్ లార్డ్’ పాట అంతకుముందటి ‘హీ ఈజ్ సో ఫైన్’కు నకలేనని 1976లో న్యూయార్క్ న్యాయమూర్తి తీర్పు చెప్పాడు. కావాలని కాపీ కొట్టాడని మాత్రం అనలేదు. ఎప్పుడో విన్నది మనసు అడుగున ఉండి తెలియకుండానే పైకి వచ్చిందన్నాడు. హార్మోనియం ముందు కూచుని నలభై ఏళ్లు గడిపిన మనిషి తలలో ఎన్ని వేల వరసలు ఉంటాయో ఊహిస్తే ఆ మాట కొట్టిపారేయలేం. దీనికి తోడు మన సంగీతంలో రాగం ఉంది. మోహనలో కట్టిన రెండు పాటలు ఒకే ఇంటి పిల్లల్లా ఉండక తప్పదు. రాగం అందరిదీ, బాణీ ఒకరిది. ఆ రెండింటి మధ్య గట్టు ఎక్కడ వేయాలన్నదే తగాదా. ‘పొన్నియిన్ సెల్వన్ 2’లోని ఎ.ఆర్.రహమాన్ పాట డాగర్ కుటుంబపు ‘శివస్తుతి’ని పోలి ఉందన్న దావాలో 2025 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం రెండు కోట్లు జమ చేయమంది. సెప్టెంబరులో అదే కోర్టు ద్విసభ్య ధర్మాసనం ఆ ఉత్తర్వును పక్కన పెట్టింది. చదువుకున్న న్యాయమూర్తులకే ఐదు నెలల్లో రెండు రకాలుగా తోచిందంటే గట్టు ఎంత సన్నదో అర్థమవుతుంది.

ఈ గొడవను తిరగేసి చూపించే ఉదాహరణ ఉమ్మడి కడప జిల్లాలోనే ఉంది. తాళ్లపాక అన్నమయ్య సంకీర్తనలు తిరుమల రాగిరేకుల్లో నాలుగు శతాబ్దాలకు పైగా భద్రంగా ఉన్నాయి. రేకుల మీద పాట ఉంది, రాగం పేరు ఉంది. స్వరం లేదు. అన్నమయ్య ఎలా పాడాడో చెప్పగలిగినవాళ్లు లేరు. ఈ రోజు గుళ్లో, పెళ్లిలో, సెల్‌ఫోన్ రింగుటోనులో వింటున్న బాణీలు ఇరవయ్యో శతాబ్దపువి. అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టి మైసూరులో తెలుగు చెప్పిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదట దారి వేశాడు. తర్వాత నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వందల పాటలకు స్వరం కట్టారు.

ఇక్కడ జరిగింది అప్పు కాదు, దానం. కట్టినవాళ్లు తమ బాణీని అన్నమయ్య పేరు కింద పెట్టేశారు. ఆల్బమ్ అట్ట మీద ‘రచన: అన్నమాచార్య’ అని ఉంటుంది, పాడినవాళ్ల ఫొటో ఉంటుంది. స్వరకర్త పేరు చాలాసార్లు ఉండదు. పాటల పోటీలో బహుమతి తీసుకున్న పిల్లను ఈ బాణీ ఎవరిదమ్మా అంటే అన్నమయ్యదే అంటుంది. భక్తికి అదే అందం అనేవాళ్లున్నారు, వాళ్ల మాటలో కొంత నిజముంది. కానీ నేదునూరి స్వరం కట్టిన ‘నానాటి బదుకు’ను ఆయన పేరు లేకుండా క్యాసెట్టు వేసి అమ్ముకున్న వ్యాపారికి భక్తి అడ్డం పెట్టకూడదు.

పేరు లేకుండానే పుట్టిన పాటల సంగతి వేరు. జమ్మలమడుగుకు ఎగువన కోయిలకుంట్ల, నొస్సం ప్రాంతంలో 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కుంఫిణీ మీద తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. ఆయన మీద పుట్టిన పాటలు పెన్నకు ఇటూ అటూ కోలాటంలో, చెక్కభజనలో, పొలం పనుల్లో తరాలపాటు నడిచాయి. ఆ పాటల్లోని ‘సైరా’ అన్న కేకే 2019లో చిరంజీవి సినిమాకు పేరయింది. సినిమా తీస్తున్నప్పుడు వంశస్థులమంటూ కొందరు వచ్చి కథ మీద పరిహారం అడిగారు, అది కోర్టుదాకా పోయింది. ఆ కేకను నూటడెబ్బై ఏళ్లు బతికించిన కోలాటం గురువుల తరఫున అడగడానికి ఒక్కరూ రాలేదు. వాళ్లకు వంశవృక్షం లేదు.

2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలో ‘సారంగదరియా’ వచ్చినప్పుడు మాత్రం ఒకరు అడిగారు. సుద్దాల అశోక్‌తేజ కలం, అనంతపురం జిల్లా మంగ్లీ గొంతు, కోట్ల మంది వీక్షణలు. ఆ పాటను అంతకుముందే టీవీ వేదిక మీద పాడిన వరంగల్ ప్రాంతపు జానపద గాయని, పాటను వెలికితెచ్చింది తానేనని, తన ఊసే లేదని బయటికొచ్చి చెప్పింది. కవి తన వాదన తాను చెప్పాడు, జానపదం అందరి సొత్తన్నారు కొందరు. దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు గుర్తింపు, పారితోషికం ఇస్తామని ప్రకటించాడు. పాట ఆమె సొంతం కాదన్నది నిజమే. ఎవరి నోటి నుంచి విన్నారో వారి పేరు చెప్పాలన్నదీ నిజమే. ఈ రెండింటికీ తగాదా లేదు. పాత పాటల పుస్తకంలో ఒక గీతలో సరిపోయేది.

సొంత గొంతు కూడా అరువు పోతుందని ప్రొద్దుటూరుకు తెలుసు. పుట్టపర్తి నారాయణాచార్యులు ఈ ఊళ్లో ఉన్నప్పుడు అగస్త్యేశ్వరాలయంలో ‘శివతాండవం’ రాశాడు. నాట్యం నేర్చినవాడు, సంగీతం తెలిసినవాడు, కాబట్టి చదువుతుంటే లయ కాళ్లలోకి దిగేది. ఆ కావ్యాన్ని ఈ రోజు బడి వార్షికోత్సవంలో చదివే పిల్లవాడి విరుపుల్లో, ఊపుల్లో పుట్టపర్తి చదివిన తీరు ఎంతో కొంత ఉంటుంది. వాడు ఆయన్ను చూసి ఉండడు. అయినా అది నకలు అని ఎవరూ అనరు, ఎందుకంటే ఆచార్యుల వారి పేరు చెప్పకుండా ఆ పద్యం ఎత్తుకోడు.

కాలం ఇప్పుడు మరో మెలిక పెట్టింది. చెక్కభజన గురువులు సినిమా బాణీకి రాముడి మాటలు కట్టి ఆడించడం సీమలో మామూలే. ఎన్నికలొస్తే అదే బాణీకి పార్టీ మాటలు కట్టుకుని ఆటోలు తిరుగుతాయి, పులివెందులలో అయినా మరెక్కడైనా. గుడి ముందు భజనకు చట్టం అడ్డు లేదు. 52వ సెక్షన్ మతసంబంధమైన వేడుకలకూ పెళ్లి ఊరేగింపుకూ మినహాయింపు ఇచ్చింది, టిక్కెట్టు లేని సభలో ఔత్సాహికుల ప్రదర్శనకూ ఇచ్చింది. కానీ ఆ భజనను ఎవరో ఫోన్లో తీసి యూట్యూబులో పెడితే లెక్క మారుతుంది. యంత్రం బాణీని పసిగడుతుంది. వీడియో మీద వచ్చే పైసలు ఆడియో కంపెనీకి పోతాయి, లేదా శబ్దమే ఆగిపోతుంది. ఆ యంత్రానికి రిజిస్టరైన బాణీ మాత్రమే తెలుసు. సినిమా పాట కోలాటం నుంచి తీసుకున్నదైనా దానికి తెలియదు, కోలాటం దాని జాబితాలో లేదు. దాంతో తాత దగ్గర తీసుకున్న వరసకు మనవడు కంపెనీకి జవాబు చెప్పుకోవాల్సి వస్తోంది.

దీనికి ఢిల్లీలో చేయాల్సినవి కొన్ని ఉన్నాయి, ఇక్కడ చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. కడప ఆకాశవాణి దశాబ్దాలుగా సీమ జానపదాలు వినిపిస్తూ వచ్చింది. ఆ పాటలను పాడినవాళ్ల పేరు, ఊరు, విన్న ఏడాదితో సహా విశ్వవిద్యాలయాలు జాబితా చేసి అందరికీ అందుబాటులో పెడితే, రేపు ఎవరైనా ఈ బాణీ నాదంటే చూపించడానికి కాగితం ఉంటుంది. నాటక పోటీలు పెట్టే పరిషత్తులు దరఖాస్తు ఫారంలో నాటకం పేరు, రచయిత పేరు, దర్శకుడి పేరు అడుగుతాయి. అదే ఫారంలో ‘పాటల వరసలు ఎక్కడివి’ అని మరో గడి చేర్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. హార్మోనియం ముందు కూచున్న పెద్దాయన్ను అడిగితే ఏ పాట ఏ సినిమాదో, ఏ పద్యం ఏ గురువు దగ్గర పట్టిందో తడుముకోకుండా చెబుతాడు. రాసుకునేవాళ్లు కావాలి, ఆయన బతికుండగానే.